పిస్తోలు మూతికి పగ్గం

2004 ఏథెన్స్ ఒలింపిక్స్‌లో 25 మీటర్ల ర్యాపిడ్ ఫైర్ పిస్తోలు అర్హత రౌండులో జర్మనీ షూటర్ రాల్ఫ్ షూమన్ 600కు 592 పాయింట్లు కొట్టి, ఆ ఊపులోనే స్వర్ణం గెలుచుకున్నాడు. నాలుగేళ్లు తిరిగేసరికి బీజింగ్‌లో అదే షూమన్ బరిలో ఉన్నాడు. దూరం అదే, ఐదు టార్గెట్లూ అవే, ఎనిమిది, ఆరు, నాలుగు సెకన్ల గడువులూ అవే. స్కోరు మాత్రం 579కి జారింది, చేతికి రజతం వచ్చింది. ఈ నడుమ మారింది నిబంధనల పుస్తకం. 2005 నుంచి అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య, అంటే ఐఎస్‌ఎస్‌ఎఫ్, ఈ పోటీలో పాయింట్ 22 షార్ట్ అనే పొట్టి తూటాను తీసేసి పాయింట్ 22 లాంగ్ రైఫిల్ తూటాను తప్పనిసరి చేసింది. ట్రిగ్గర్ బరువు కనీసం 1000 గ్రాములు ఉండాలంది. బ్యారెల్‌కు రంధ్రాలు పెట్టడాన్ని, మూతి ఎగురుడును అణిచే కాంపెన్సేటర్ అనే ముక్కను తగిలించడాన్ని నిషేధించింది. మూడు మార్పులూ ఒకేసారి వచ్చాయి గనుక పడిపోయిన పదమూడు పాయింట్లనూ ఒక్క కాంపెన్సేటర్ ఖాతాలో రాయడం న్యాయం కాదు. పైగా 2012 లండన్ ఒలింపిక్స్‌లో రష్యా షూటర్ అలెక్సీ క్లిమోవ్ కొత్త నిబంధనల కిందే, రంధ్రాలు లేని బ్యారెల్‌తోనే అర్హత రౌండులో మళ్లీ 592 కొట్టాడు. మన విజయ్ కుమార్ రజతం తెచ్చింది ఆ పోటీలోనే. పరికరం పోయిన కొత్తలో స్కోరు పడిపోయింది, ఎనిమిదేళ్లలో సాధన దాన్ని తిరిగి అక్కడికే చేర్చింది. కాంపెన్సేటర్ గురించి నడిచే వాదాలన్నిటికీ మొదలు ఇక్కడుంది. దాన్ని మాయాయంత్రం అనేవాళ్లకూ, మోసం అనేవాళ్లకూ ఈ అంకెలు ఒకే జవాబు చెబుతాయి. కాంపెన్సేటర్ మంచిదా చెడ్డదా అన్న ప్రశ్నకు విడిగా అర్థం లేదు. ఏ పోటీ షూటర్‌ను ఏం అడుగుతోంది అన్నదాన్ని బట్టే దాన్ని తూచాలి.

ముందు అది చేసే పనేమిటో చూద్దాం. తూటా పేలినప్పుడు గుండు ముందుకు ఎంత ఊపుతో వెళ్తుందో పిస్తోలు అంత ఊపుతోనూ వెనక్కి తన్నుతుంది. ఆ తన్నులో గుండుది ఒక్కదానిదే వాటా కాదు. మండిన మందు వాయువుగా మారి, గుండు మూతి దాటగానే దానికి రెండు మూడు రెట్ల వేగంతో వెనకే దూసుకొస్తుంది. బరువులో అది గ్రాము కూడా ఉండదు, కానీ వేగం వల్ల మొత్తం తన్నులో దాని వాటా శక్తిమంతమైన పోటీ తూటాల్లో సుమారు ఐదో వంతుకు చేరుతుంది. నీళ్లు చిమ్మే అగ్నిమాపక గొట్టాన్ని ఇద్దరు ముగ్గురు కలిసి పట్టుకోవాల్సి రావడానికి ఏ సూత్రం కారణమో ఇక్కడా అదే. బ్యారెల్ మన పిడికిలి కంటే ఎత్తులో ఉంటుంది కాబట్టి ఈ తన్ను చేతిని వెనక్కి నెట్టడంతో ఆగదు, మణికట్టును ఇరుసుగా చేసుకుని మూతిని పైకి ఎగరేస్తుంది. కాంపెన్సేటర్ అంటే మూతికి ముందు బిగించే బోలు లోహపు ముక్క. లోపల అడ్డుగోడలు, పైభాగాన కిటికీల్లాంటి రంధ్రాలు ఉంటాయి. ముందుకు పోవాల్సిన వాయువు ఆ గోడలకు తగిలి, రంధ్రాల గుండా పైకి చిమ్ముతుంది. పైకి చిమ్మే వాయువు మూతిని కిందికి నొక్కుతుంది. లోహపు ముక్క బరువు కూడా మూతి దగ్గరే ఉండి ఎగురుడుకు అడ్డుపడుతుంది. గుండు ఇచ్చే తన్ను మాత్రం దాదాపు ఇచ్చినంతా చేతికి చేరుతుంది. అంటే ఈ పరికరం తన్నును మాయం చేయదు, మూతి పైకి లేవకుండా అదిమిపెడుతుంది. చేతికి బాధ తగ్గించడం కంటే, రెండో గుండు పేల్చేలోగా సైటు మళ్లీ టార్గెట్ మీదికి వచ్చేలా చేయడమే దాని అసలు ప్రయోజనం.

ఈ ఆలోచన కొత్తది కాదు. అమెరికా మెరైన్ దళాధికారి రిచర్డ్ కట్స్ రూపొందించిన కాంపెన్సేటర్‌ను 1928 నాటి థామ్సన్ సబ్‌మెషిన్ గన్‌కు బిగించారు. పోటీ పిస్తోలుకు మాత్రం దాని అవసరం పుట్టించింది ఒక నియమం. 1976లో అమెరికాలోని మిస్సౌరి రాష్ట్రం కొలంబియాలో అంతర్జాతీయ ప్రాక్టికల్ షూటింగ్ సమాఖ్య, అంటే ఐపీఎస్‌సీ ఏర్పడింది. దాని మొదటి అధ్యక్షుడు జెఫ్ కూపర్. గురి, శక్తి, వేగం మూడూ కలిసిందే పిస్తోలు విద్య అని ఆయన సిద్ధాంతం, ఆ సంస్థ లాటిన్ నినాదం కూడా అదే. గురినీ వేగాన్నీ టార్గెట్టూ గడియారమూ కొలుస్తాయి, శక్తిని కొలిచేదెలా? అందుకు పవర్ ఫ్యాక్టర్ అనే లెక్క పెట్టారు. గుండు బరువును గ్రెయిన్లలో, వేగాన్ని సెకనుకు అడుగుల్లో తీసుకుని, రెంటినీ గుణించి వెయ్యితో భాగిస్తారు. ఆ అంకె ఒక గీత దాటితే మేజర్, లేకపోతే మైనర్. మేజర్ గీత మొదట్లో 175, ఇప్పుడు ఐపీఎస్‌సీలో కాంపెన్సేటర్‌కు అనుమతి ఉన్న ఓపెన్ విభాగంలో 160. టార్గెట్ నడిమి భాగంలో తగిలితే ఇద్దరికీ ఐదే పాయింట్లు. దాని చుట్టూ ఉన్న భాగంలో తగిలితే మేజర్‌కు నాలుగు, మైనర్‌కు మూడు. ఇంకా బయటైతే రెండూ ఒకటీ. వచ్చిన పాయింట్లను పట్టిన సెకన్లతో భాగించి ర్యాంకు వేస్తారు. ఈ లెక్కను బట్టి చూస్తే పరుగు మీద వేగంగా కాల్చేవాడికి, అంటే అన్ని గుళ్లూ నడిమిన పడతాయని నమ్మకం లేనివాడికి, మేజర్ లాభసాటి. కానీ మేజర్ అంటే తన్ను ఎక్కువ, తన్ను ఎక్కువైతే సమయం పోతుంది. లాభమూ నష్టమూ పక్కపక్కనే కూర్చున్న ఈ చోటే పోటీ పిస్తోలుకు కాంపెన్సేటర్ వచ్చింది.

1980ల మొదట్లో పాయింట్ 45 పిస్తోళ్లకే కాంపెన్సేటర్లు బిగించారు. ఫలితం కనిపించింది గానీ కొంతే. కారణం తూటాలో ఉంది. 230 గ్రెయిన్ల పాయింట్ 45 గుండు సెకనుకు 740 అడుగుల వేగంతో వెళ్తే పవర్ ఫ్యాక్టర్ 170. ఆ తూటాలో ఒత్తిడి చదరపు అంగుళానికి 21,000 పౌండ్లకు మించకూడదు, అందులో పట్టే మందూ తక్కువే. పైకి చిమ్మడానికి వాయువే చాలనప్పుడు కాంపెన్సేటర్ ఏం చేయగలదు? దశాబ్దం మధ్యకు వచ్చేసరికి రాబ్ లేథమ్, బ్రయన్ ఈనోస్ లాంటి షూటర్లు 1929 నాటి పాత తూటా పాయింట్ 38 సూపర్‌ను బయటికి తీశారు. 124 గ్రెయిన్ల తేలికైన గుండును 1370 అడుగుల వేగంతో పంపితే పవర్ ఫ్యాక్టర్ అదే 170 వస్తుంది. గుండు వల్ల చేతికి చేరే తన్ను రెండిటిలోనూ ఒకటే. కానీ ఆ వేగం రావాలంటే మందు దాదాపు రెట్టింపు పడుతుంది, ఒత్తిడి 36,000 పైచిలుకుకు వెళ్తుంది. మామూలు పిస్తోలులో ఈ అదనపు వాయువు శుద్ధ దండగ, తన్నునూ మోతనూ పెంచుతుంది. కాంపెన్సేటర్ ఉన్న పిస్తోలులో అదే వాయువు ఇంధనం. ఎంత ఎక్కువ చిమ్మితే మూతి అంత అణిగి ఉంటుంది. నా దృష్టిలో ఈ కథ మొత్తానికి కీలకం ఇదే. చిన్న గుండును, తక్కువ శక్తిని అదుపు చేయాలనుకుని రాసిన నియమం చిన్న గుండుకే పట్టం కట్టింది. ఇందులో షూటర్లు చేసిన మోసమేమీ లేదు, నియమంలో ఉన్న సమీకరణాన్ని వాళ్లు నిజాయితీగా సాధించారు. ఈ రేసు పిస్తోళ్లను కూపర్ తర్వాతి కాలంలో బాహాటంగానే విమర్శించారు. ఆయన బాధ అర్థం చేసుకోదగిందే, అయినా గురీ శక్తీ వేగమూ మూడూ కావాలని అడిగిన పోటీకి ఇది తప్పించుకోలేని జవాబు.

కాంపెన్సేటర్ బిగించడం పైకి మర తిప్పినంత సులువుగా కనిపిస్తుంది. దగ్గరికెళ్లి చూస్తేనే అందులో ఎంత పనితనం దాగుందో తెలుస్తుంది. తొమ్మిది మిల్లీమీటర్ల గుండు బయటికి వెళ్లడానికి కాంపెన్సేటర్‌లో వదిలే దారి సుమారు తొమ్మిదిన్నర మిల్లీమీటర్లు. అంటే గుండుకు చుట్టూ ఉన్న ఖాళీ పావు మిల్లీమీటరు. అంతకంటే వెడల్పు చేస్తే వాయువు పైరంధ్రాలకు పోకుండా గుండు వెనకే ముందుకు జారిపోతుంది, ఇరుకు చేస్తే గుండు గోడకు ఒరుసుకుంటుంది. ఇప్పుడు అరవై మిల్లీమీటర్ల పొడవున్న కాంపెన్సేటర్ పావు డిగ్రీ వంకరగా కూర్చుందనుకోండి, చివరి గోడ దగ్గరికి వచ్చేసరికి ఆ పావు మిల్లీమీటరు ఖాళీ హరించుకుపోతుంది. అందుకే అనుభవమున్న గన్‌స్మిత్ బ్యారెల్‌ను లేత్‌కు ఎక్కించేటప్పుడు దాని బయటి ఒంటిని నమ్మడు. లోపలి రంధ్రానికీ బయటి ఒంటికీ కేంద్రం ఒకటే ఉంటుందన్న హామీ లేదు గనుక లోపలి రంధ్రాన్నే కేంద్రంగా పట్టి మరలు కోస్తాడు. మరలు ముక్కను పట్టి ఉంచడం వరకే చూస్తాయి. దాన్ని తిన్నగా నిలిపేది మరల చివర ఉండే భుజం. అది లోపలి రంధ్రానికి సరిగ్గా లంబంగా ఉండాలి. బిగింపు పూర్తయ్యేసరికి రంధ్రాలు కచ్చితంగా పైకి తిరగాలి, కాస్త పక్కకు ఒరిగినా పిస్తోలు ప్రతి గుండుకూ పక్కకు నెట్టుకుపోతుంది. పని సరిగ్గా కుదిరిందో లేదో కొన్ని గుళ్లు పేల్చాక ఆ లోహమే చెబుతుంది. దారి చుట్టూ మసి సమంగా పరుచుకుంటే సరే. ఒక పక్క మసి పలచబడి, అంచున సన్నని రాగి గీత మెరుస్తుంటే గుండు ఒరుసుకుంటోందన్నమాట, ఆ పిస్తోలును వెంటనే పక్కన పెట్టాలి.

అంతటితోనూ అయిపోదు. బ్రౌనింగ్ పద్ధతి పిస్తోళ్లలో పేలిన ప్రతిసారీ బ్యారెల్ కొంత వెనక్కి జరిగి, వెనక కొస కిందికి వాలితేనే స్లైడ్, అంటే పైన జారే లోహపు భాగం, విడిపడుతుంది. ఆ బ్యారెల్ మూతికి బరువు తగిలించినప్పుడు కదలిక మందగిస్తుంది, స్లైడ్‌కు చేరే ఊపు తగ్గుతుంది, ఖాళీ తొడుగు బయటికి ఎగరక ఇరుక్కుంటుంది. దీన్ని సరిచేయడానికి స్లైడ్‌ను చెక్కి తేలిక చేస్తారు. పాయింట్ 45 పిస్తోలుకు మామూలుగా ఉండే పదహారు పౌండ్ల స్ప్రింగ్ స్థానంలో ఎనిమిది, పది పౌండ్లది వేస్తారు. స్ప్రింగ్ మరీ మెత్తనైతే తర్వాతి తూటా సరిగ్గా లోపలికి ఎక్కదు, మరీ గట్టిదైతే స్లైడ్ మూసుకునేటప్పుడు మూతిని కిందికి గుద్దుతుంది. ఇలా తూటా, కాంపెన్సేటర్, స్లైడ్, స్ప్రింగ్ నాలుగూ ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. అందుకే తక్కువ మందు ఉన్న మైనర్ తూటాలు పేల్చే పిస్తోలుకు పేరున్న కాంపెన్సేటర్ తెచ్చి తగిలిస్తే లాభం అరకొరగా ఉంటుంది, తూటా ఇరుక్కునే బెడద మాత్రం పూర్తిగా వస్తుంది. దుకాణంలో ఒక వస్తువు కొన్నంత మాత్రాన దాని ఫలితం కొన్నట్టు కాదు.

ఇక అభ్యంతరాలు. మొదటిది డబ్బు. కాంపెన్సేటర్, రెడ్ డాట్ సైటు అన్నీ అమర్చిన ఓపెన్ పిస్తోలు అమెరికాలో నాలుగైదు వేల డాలర్లు పలుకుతుంది, అంతకు మించినవీ ఉన్నాయి. డబ్బున్నవాడిదే గెలుపు అయితే అది ఆటేనా అని అడగడంలో న్యాయముంది. కాంపెన్సేటర్ లేనివాడినీ ఉన్నవాడినీ ఒకే పట్టికలో కూర్చోబెట్టిన 1980ల పద్ధతి తప్పేనని నేనూ ఒప్పుకుంటాను. 1990ల తొలి ఏళ్లలో ఓపెన్‌ను వేరు చేసి, కాంపెన్సేటర్ లేని పిస్తోళ్లకు సొంత విభాగం ఇవ్వడంతో ఆ తప్పు చాలావరకు సరయింది. తర్వాత కంపెనీ నుంచి వచ్చిన పిస్తోలును దాదాపు వచ్చినట్టే వాడే ప్రొడక్షన్ విభాగమూ వచ్చింది. అందులో అందరికీ మైనర్ లెక్కే, కాంపెన్సేటర్‌కు చోటు లేదు. దానితో మేజర్ ఆశ కూడా పోయింది గనుక డబ్బు పెట్టి తన్ను తగ్గించుకోవాల్సిన ఒత్తిడీ పోయింది. ఖర్చు పెట్టలేనివాడు ఇవాళ ఆట నుంచి తప్పుకోనక్కర్లేదు, తనకు తగిన గడిలో నిలబడితే చాలు.

రెండో అభ్యంతరం నైపుణ్యం గురించి. పరికరమే మూతిని అణిచిపెడితే షూటర్ గొప్పేమిటి అంటారు. 1983, 1986, 1988ల్లో ఐపీఎస్‌సీ ప్రపంచ పోటీ గెలిచిన రాబ్ లేథమ్ తర్వాతి ఏళ్లలో అమెరికా జాతీయ టైటిళ్లను ఓపెన్‌లోనే కాదు, కాంపెన్సేటర్ లేని విభాగాల్లోనూ గెలిచాడు. ఫ్రాన్స్ షూటర్ ఎరిక్ గ్రాఫెల్ 1999 నుంచి 2011 దాకా వరుసగా ఐదు ప్రపంచ పోటీల్లో ఓపెన్ విజేత. ఆ ఐదు పోటీల్లోనూ అతని పక్కన నిలబడ్డ ప్రతి ఓపెన్ షూటర్ చేతిలోనూ కాంపెన్సేటర్ ఉంది. అందరికీ ఉన్న వస్తువు ఒక్కడినే పన్నెండేళ్లు గెలిపించలేదు కదా! పరికరం మూతిని అణచగలదు. ట్రిగ్గర్‌ను కుదుపు లేకుండా నొక్కడం, పరుగెత్తి ఆగేలోపే సైటును టార్గెట్ మీదికి తేవడం, ఏ గుండు ఎక్కడ తగిలిందో పేలిన క్షణంలోనే తెలుసుకోవడం మాత్రం మనిషి పనులే. తన్ను తగ్గాక వేగం పెరుగుతుంది, వేగం పెరిగాక గురిలోని లోపం మరింత కొట్టొచ్చినట్టు బయటపడుతుంది.

మూడో అభ్యంతరానికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. కాంపెన్సేటర్ చిమ్మే వాయువుతో పాటు మోత కూడా పైకీ పక్కలకూ మళ్లుతుంది. మామూలు పిస్తోలు పేలుడే 160 డెసిబెల్స్ స్థాయిలో ఉంటుంది. కాంపెన్సేటర్ ఉన్నప్పుడు షూటర్‌కూ, పక్కనే టైమర్ పట్టుకుని నిలబడే రేంజ్ అధికారికీ అది ఇంకా గట్టిగా తగులుతుంది. పైకప్పు ఉన్న రేంజిలో పరిస్థితి మరీ ఘోరం. చెవి మఫ్లు, కళ్లద్దాలు తప్పనిసరి చేశారు, అవి చాలావరకు కాపాడతాయి. అయినా రోజంతా ఆ మోత మధ్య నిలబడే అధికారి విషయంలో ఈ క్రీడ ఇంకా బాధ్యత తీసుకోవాలి.

అలాంటప్పుడు ఐఎస్‌ఎస్‌ఎఫ్ నిషేధం మాటేమిటి? అదీ సరైనదేనని నా అభిప్రాయం, ఇందులో వైరుధ్యం లేదు. 25 మీటర్ల ఒలింపిక్ పోటీల్లో వాడే పాయింట్ 22 తూటా తన్ను స్వల్పం. అక్కడ కనీస శక్తి చూపించమని ఎవరూ అడగరు. అడిగేది ఒకటే, ఆ చిన్న తన్నును నీ చెయ్యే అదుపు చేయాలి అని. శక్తి గీత లేని చోట కాంపెన్సేటర్‌ను అనుమతిస్తే ఆ ఒక్క ప్రశ్నకు జవాబును పరికరం చేత చెప్పించినట్టవుతుంది. అదే ఐఎస్‌ఎస్‌ఎఫ్ 10 మీటర్ల ఎయిర్ పిస్తోలు బ్యారెల్‌కు మాత్రం రంధ్రాలను ఒప్పుకుంటుంది. అర గ్రాము గుళికను తోసే గాలిలో ఉండే తన్ను లెక్కలోకి రానంత చిన్నది. ఆ రంధ్రాల ముఖ్యమైన పని గుళిక వెనక నుంచి వచ్చే గాలిని పక్కకు తప్పించి, గుళిక నిశ్చలంగా బయటపడేలా చూడటం. ఒకే సమాఖ్య ఒకచోట వద్దని, ఇంకోచోట సరే అనడం తికమకగా కనిపించవచ్చు. పోటీ ఏం అడుగుతోందో చూస్తే రెండు నిర్ణయాలూ పొసగుతాయి. హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో హైదరాబాద్ అమ్మాయి ఇషా సింగ్ ఈ రెండు రకాల పిస్తోళ్లతోనూ పతకాలు తెచ్చింది. రంధ్రాలకు అనుమతి ఉన్న 10 మీటర్లలో వ్యక్తిగత రజతం, టీమ్ రజతం. కాంపెన్సేటర్ నిషిద్ధమైన 25 మీటర్లలో వ్యక్తిగత రజతం, టీమ్ స్వర్ణం.

మన దేశంలో ఓపెన్ విభాగం దారి ఇరుకైనది. 9 మిల్లీమీటర్ల ఆయుధాలు సాధారణ పౌరులకు నిషిద్ధ బోరు కిందికి వస్తాయి. 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తుపాకీని తయారు చేయడమే కాదు, మార్చడం, మరమ్మతు చేయడం కూడా నేరమే. వీడియోల్లో రేసు పిస్తోళ్లను చూసి ఊళ్లోని లేత్ షాపులో ప్రయోగాలు చేయాలనుకునే కుర్రాళ్లు ఆ ఆలోచన అక్కడే మానుకోవాలి. చట్టం సంగతి అటుంచినా, పావు డిగ్రీ వంకరకు వేలూ కళ్లూ పోయే పని ఇది. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో విశాఖలోనో పిల్లల్ని షూటింగ్ అకాడమీకి పంపుతున్న తల్లిదండ్రులకు, అమెరికాలో ఉంటూ ఈ పోటీల వైపు చూస్తున్న మనవాళ్లకు నా మనవి ఒకటే. పరికరాల క్యాటలాగ్ తెరిచే ముందు, మీరు దిగబోయే పోటీ నిబంధనల పుస్తకం తెచ్చుకుని చదవండి. ఆ విభాగంలో కాంపెన్సేటర్‌కు చోటు ఉందా, ఉంటే మీ తూటాకు అది పనికొస్తుందా అని కోచ్‌ను అడగండి. మొదటి రెండేళ్ల డబ్బును గుళికల మీద, రేంజి రుసుము మీద, కోచ్ సమయం మీద ఖర్చు పెట్టండి. అప్పటికీ కాంపెన్సేటర్ కావాలనిపిస్తే, లైసెన్సున్న గన్‌స్మిత్ చేతికి తప్ప ఇంకెవరికీ ఆ బ్యారెల్ ఇవ్వకండి.